మధ్య వాల్వు మీద బొట్టు

పాత రేడియోల్లో బల్బుల్లా వెలిగే గాజు వాల్వుని వట్టి వేళ్ళతో పట్టుకునేవాళ్ళంటే నాకు ఒళ్ళు మంట. గాజుకి వేలిజిడ్డు అంటిందంటే, దాన్ని తుడిచేదాకా నాకు అన్నం సయించదు. నందిగామలో గాంధీ సెంటర్ వెనక సందులో ముప్పై రెండేళ్ళుగా రేడియోలూ యాంప్లిఫయర్లూ రిపేరు చేస్తున్నాను. ఇప్పుడు వాల్వుల సెట్లు తెచ్చేవాళ్ళు ఏడాదికి నలుగురుంటే గొప్ప. నా చాదస్తమంతా ఆ నలుగురి మీదే చూపిస్తుంటాను. ఆ చాదస్తమే కుటుంబరావు గారి కొంప ముంచింది.

ఆయనది జగ్గయ్యపేట. బట్టల కొట్టు మూసేసి రెండేళ్ళయింది. పాత రికార్డులంటే ప్రాణం. రికార్డు ప్లేయరుకీ యాంప్లిఫయరుకీ మధ్య ఉండే చిన్న పెట్టె, ప్రీయాంప్, పదిహేనేళ్ళ కిందట నేనే కట్టిచ్చాను. అందులో మూడు వాల్వులు వరసగా బయటికే నిలబడి ఉంటాయి. అవి వెలుగుతుంటే చూడాలని ఆయన ముచ్చట. మొన్న మాఘమాసంలో ఆ పెట్టెని దుప్పట్లో చుట్టి బస్సులో తెచ్చారు. మనిషి సగమైపోయారు. వాళ్ళావిడ సీతారావమ్మ గారు కార్తీకంలో పోయారు. అప్పుడు వెళ్ళి పలకరించి వచ్చాను కూడా.

"ఎడం స్పీకరు చిటపటలాడతా ఉంది కృపారావ్. ఈ చివరదీ ఆ చివరదీ మార్చెయ్. మంచి వాల్వులెయ్యి. మధ్యది మాత్రం ఉండనియ్," అన్నారు.

"మారిస్తే మూడూ మార్చాలి శెట్టిగారూ. రెండు కొత్తవీ ఒకటి పాతదీ అయితే సౌండు కలవదండి."

"కలవకపోతే పోయింది. మధ్యది ఉండనియ్, అంతే."

పిసినారితనం అనుకున్నాను. ఎందుకండీ అని ఒక్క మాట అడిగి ఉంటే చెప్పేవారేమో. నా పనికి అడ్డు చెప్పారన్న ఉక్రోషంలో అడగలేదు.

ఆయన వెళ్ళాక పెట్టె ఒకసారి వేసి చూసి, ప్లగ్గు పీకి అరగంట ఆగాను. స్విచ్చి ఆపేసినా లోపల కెపాసిటర్లలో రెండొందల యాభై ఓల్టులు కాచుక్కూచుంటాయి. రెసిస్టరు కట్టిన తీగతో ఆ కరెంటు దించేసి, మీటరులో సున్నా చూసుకున్నాకే నేను లోపల చెయ్యి పెడతాను. గుడ్డతో పట్టుకుని, మెలి తిప్పకుండా, కొద్దికొద్దిగా కదుపుతూ మూడింటినీ పైకి లాగాను. రెండు చివర్లా ఉన్నవాటి చోట ఎన్నో ఏళ్ళుగా దాచుకున్న జర్మనీ వాల్వులు పెట్టాను. మధ్యదాన్ని టెస్టరులో పెట్టి చూస్తే ఇంకా బాగానే ఉంది. కాకపోతే దాని గాజు మీద, ముందువైపు, శనగబద్దంత నల్ల మరక. వేడికి మాడి అంటుకుపోయి ఉంది.

ఇంత మురికి పెట్టుకుని పాటలేం వింటారో అని గొణుక్కుంటూ స్పిరిట్టు తీశాను. గాజు మీద అచ్చేసిన నంబరు చెరిగిపోతుందని దాని జోలికి పోకుండా, దూదిపుల్లతో చుట్టూ తిప్పి తుడిచాను. మొండి మరక. గుడ్డ చుట్టిన గోటితో గీకితే గానీ వదల్లేదు. గాజు తళతళలాడింది. చాలా బాగా చేశాననుకున్నాను.

మర్నాడు పొద్దున ఆయన ఫోను.

"నీ శుభ్రం సంగతి నాకు తెలుసుగా, అందుకని చేశా. మధ్యదాన్ని తుడవమాక. దాని మీద మా ఆవిడ పెట్టిన బొట్టుంది. మొన్న దసరాకి కొట్టునాటి గజంబద్దకీ కత్తెరకీ బీరువాకీ పెట్టి, దీనికీ పెట్టింది. గుమ్మాలకి పెట్టినయ్యి రంగులేయించినప్పుడు పోయినయ్. గజంబద్దా కత్తెరా బీరువా అమ్మేశాం. ఆమె చేత్తో పెట్టిన బొట్టు ఇదొక్కటే మిగిలింది."

"అట్టాగేనండి," అన్నాను. ఆ ఒక్క మాటతో దొంగనైపోయాను.

మాది క్రైస్తవుల ఇల్లు, కుంకుమ ఉండదు. ఫాన్సీ షాపులో ఒక పొట్లం కొనుక్కొచ్చాను. నా భార్య ప్రేమకుమారి చూసి, సంగతంతా విని, "ఉన్నమాట చెప్పెయ్యరాదూ?" అంది.

"చెప్తే ఆ మనిషి ఏమైపోతాడో," అన్నాను. నా పేరు ఏమైపోతుందో అన్న భయం కూడా ఉంది. అది ఆమెకి చెప్పలేదు.

మళ్ళీ ప్లగ్గు పీకి, అరగంట ఆగి, గాజు పూర్తిగా చల్లబడ్డాక కుంకుమ తడిపి, మరక ఉన్న చోటే ఉంగరపు వేలితో బొట్టు పెట్టాను. ముప్పై రెండేళ్ళలో వాల్వుని వట్టి వేలితో తాకడం అదే మొదలు.

పెట్టె ఒళ్ళో పెట్టుకుని బస్సెక్కాను. చిల్లకల్లు టోల్‌ప్లాజా దగ్గర బస్సు ఆగితే, దిగి వెనక్కి పోదామా అనిపించింది. దిగలేదు.

వాళ్ళింట్లో పెట్టె తగిలించాక కుటుంబరావు గారు రికార్డు పెట్టారు. చిటపటలు లేవు. కొత్త వాల్వులకి పాట విప్పారి గది నిండింది. ఆయన కళ్ళు మూసుకుని తల ఊపుతుంటే నా ప్రాణం కుదుటపడింది. పాటయ్యాక లేచి, కళ్ళజోడు సర్దుకుని మధ్య వాల్వు మీదికి వంగారు. ఎంతసేపటికీ లేవలేదు. రికార్డు అయిపోయి ముల్లు కింద ఊరికే తిరుగుతోంది.

"బొట్టు పెట్టేటప్పుడు స్విచ్చి ఆపావు కదూ?" అన్నారు, నా వైపు చూడకుండానే.

"ఆపానండి," అన్నాను.

"ఆమె ఏనాడూ ఆపేది కాదు. దీపాలు వెలుగుతుండగానే పెట్టాలనేది. గాజు పగులుద్దే అని నేను కేకలేసేవాణ్ణి. వేలు చురుక్కుమంటే నోట్లో పెట్టుకుని నవ్వేది. అందుకే ఆ బొట్టు మాడి నల్లగా ఉండేది."

"తప్పయిపోయింది శెట్టిగారూ. తెలీక తుడిచేశా," అని చేతులు జోడించాను. ఆయన తిట్టి ఉంటే బాగుండేది. తిట్టలేదు.

"ఇదీ తుడిచెయ్," అన్నారు.

అలవాటు కొద్దీ నా చెయ్యి స్విచ్చి మీదికి పోయింది.

"ఆపమాక."

జేబులో గుడ్డ కూడా తియ్యబుద్ధి కాలేదు. ఆ వేడి గాజు మీద బొటనవేలు పెట్టి, రెండుసార్లు రుద్దాను. వేలు చురుక్కుమంది. కుంకుమంతా నా వేలికి వచ్చేసింది. ఆ గాజు మీద ఇప్పుడు నా వేలిజిడ్డు ఒక్కటే ఉంది.