మూడేసి సార్లు కడిగిన సీసాలు

కొలీన్ డ్రాస్కోవిచ్ కెమిస్ట్రీలో డాక్టరేట్ చేసి, ఆపైన లా చదివి, వాషింగ్టన్‌లో ఒక పెద్ద లాయర్ల సంస్థలో చేరి పదహారేళ్లయింది. ప్రభుత్వం కొత్త నిబంధన తెచ్చినప్పుడల్లా రసాయన కంపెనీల తరఫున అభ్యంతరాలు రాయడం ఆవిడ పని. ఏది ఎంత విషమో ఆవిడకు బాగా తెలుసు. తెలుసు కనకే జీతం అంత బాగుంది. ఏడాది చివర్లో ఆవిడను సంస్థలో భాగస్వామిని చెయ్యాలా వద్దా అని పెద్దలు ఓటు వేస్తారు.

ఆ పెద్దల్లోకెల్లా పెద్ద అయిన విట్లో, వేసవిలో ఒక కాగితాల కట్ట తెచ్చి ఆవిడ బల్ల మీద పడేశాడు.

"డాక్టరమ్మా, ఫ్యాక్టరీలు నదిలోకి వదిలే ద్రావకం ఇంతకు మించకూడదని కొత్త హద్దు పెడుతున్నారు. మన క్లయింటు లబోదిబోమంటున్నాడు. హద్దంతా ఈ పాతికేళ్ల నాటి వ్యాసం మీదే నిలబడింది. ఎవరో హేవర్‌క్యాంపట, అప్పటికింకా స్టూడెంటు. ఉతికి ఆరేయండి."

హేవర్‌క్యాంప్ కొలీన్ పుట్టింటి పేరు. ఆ మాట చెబితే పని చేతిలోంచి పోతుంది, పనితో పాటు ఓటూ పోతుంది.

"అలాగేనండీ" అంది కొలీన్.

తన వ్యాసంలో తప్పు కోసం రెండు వారాలు వెతికింది. దొరకలేదు. లోపల గర్వం, పైన ఏడుపు. చివరికి ఒక సందు కనిపించింది. నది నీళ్లు పట్టిన సీసాలను ఎలా కడిగారో వ్యాసంలో రాయలేదు. నిజానికి ఒక్కొక్కటీ మూడేసి సార్లు కడిగింది. రెండు చలికాలాలు చేతులు పగిలి నెత్తురొచ్చింది. అయినా సరే, "సీసాలకే ద్రావకం అంటుకుని ఉండవచ్చు. పరిశోధకురాలికి అనుభవం చాలదు" అంటూ పదకొండు పేజీలు దంచింది. విట్లో భుజం తట్టాడు.

అయితే ఎవరు ఏ అభ్యంతరం రాసినా ప్రభుత్వం కాగితం మీద జవాబు చెప్పి తీరాలి. అక్కడి కెమిస్టు ఎవరో ఓపిగ్గా యూనివర్సిటీ అటక మీంచి హేవర్‌క్యాంప్ నోటుబుక్కులు దింపించి చదివాడు. అక్టోబరులో జవాబు వచ్చింది. హద్దు మారలేదు.

విట్లో అందరి ముందూ పైకి చదివాడు. "'ప్రతి సీసా మూడుసార్లు కడిగినట్టు తేదీలతో సహా ఉంది. ఇంత జాగ్రత్తగా చేసిన పని అరుదు. ప్రయోగశాలలో అడుగుపెట్టని వారు ఇలా పొరబడటం సహజమే.' పరువు పోయింది! ఏమ్మా, నీ డాక్టరేట్ ఎక్కడ కొన్నావ్?"

గదిలో అందరూ నవ్వారు. నోరు మూసుకుని కూర్చుంటే చాలు, రెండు నెలల్లో భాగస్వామి. కొలీన్‌కు ఆ సంగతి తెలుసు. కానీ ఒళ్లు మండిపోయింది.

"ఆ సీసాలు కడిగింది నేనే!" అంది.