లిస్టులో మొదటి పేరు

అక్కను ఉద్యోగంలోంచి తీసేసిన రోజు నాకు ముద్ద దిగలేదు. తను కంటి ఆసుపత్రి ముందు గదిలో కూర్చుని రోగులకు వంతులు ఇచ్చేది. ఒక ముసలాయన ఆపరేషన్ వంతు ఎవరో రద్దు చేశారు. వెబ్ పేజీలో ‘రద్దు చేసినవారు’ అన్నచోట అక్క పేరుంది. నేను కాదు మొర్రో అని అక్క మొత్తుకున్నా ఆసుపత్రి నడిపే డాక్టర్‌గారు వినలేదు. పక్కనే నిలబడ్డ సూపర్‌వైజర్ గుడ్లప్పగించి చూశాడు. ఆ వంతులో ఆపరేషన్ చేయించుకున్నది అతని తోడల్లుడే.

ఆసుపత్రి కంప్యూటర్ల పని చూసేది నేను. ఆ పేజీ రాసింది నేనే. అందులో సిబ్బంది పేర్ల లిస్టు ఉంటుంది. తెరవగానే మొదటి పేరు, అంటే అక్కది, ఎంచి ఉంటుంది. ఎవరికి వారు తమ పేరుకు మార్చుకోవాలి. పేజీ ఏ పేరు పంపితే ఆ పేరును సర్వర్‌లోని నా కోడ్ కళ్లు మూసుకుని రాసుకునేది. లాగిన్ అయింది ఎవరో సర్వర్‌కు తెలుసు. దాన్ని కూడా రాసి పెట్టాలన్న ఇంగితం నాకు లేకపోయింది. నా బద్ధకం అక్క కొంప ముంచింది.

“మీ అక్క పేరు లిస్టులోంచి తీసెయ్యమ్మా,” అన్నారు డాక్టర్‌గారు.

“అలాగేనండీ,” అన్నాను. తీయలేదు. సర్వర్‌లో ఇంకో గడి చేర్చి, లాగిన్ అయినవారి పేరు కూడా అందులో పడేలా చేశాను. ఇక కాచుకుని కూర్చున్నాను. సూపర్‌వైజర్ ఎదురుపడి పలకరిస్తే నవ్వాను కూడా.

పన్నెండో రోజు ఒక టీచరమ్మ వంతు అలాగే రద్దయింది. వెంటనే ఆవిడ వంతు ఆవిడకు వేయించి, ఆ రద్దు వివరాలు కాగితం మీద అచ్చు తీసి డాక్టర్‌గారి ముందు పెట్టాను. పేజీ పంపిన పేరు అక్కది. లాగిన్ సూపర్‌వైజర్‌ది.

“ఆ అమ్మాయి వెళ్లిపోయి పన్నెండు రోజులైందిగా!” అన్నారాయన.

పిలిపిస్తే సూపర్‌వైజర్ వచ్చి కాగితం చూశాడు. “నేను పేరు మార్చడం మర్చిపోయానండీ. పేజీ తెరిస్తే ఆ పేరే ఉంటుంది.”

“పోయినసారీ ఆ పేరే ఉంది. మా అక్క ఏడుస్తుంటే ఈ ముక్క చెప్పలేదేం?” అన్నాను.

 

సాయంత్రానికల్లా మళ్లీ పనిలోకి రమ్మని అక్కకు ఫోన్ వెళ్లింది. డాక్టర్‌గారు నావైపు తిరిగి, “ఇతని పేరు లిస్టులోంచి తీసెయ్యమ్మా,” అన్నారు.

ఈసారి ఆయన చూస్తుండగానే తీసేశాను.