చూపించి చదవండి, అయ్యగారూ

నాకు కోపం ఎక్కువని ఊరంతా అంటారు. ఎక్కువే. ఆ ఆదివారం అది పనికొచ్చింది.

మాది మన్యంలో గూడెం కొత్తవీధి పైన, కొండమీద పాతిక గడపల ఊరు. మా రేకుల చర్చిని మా నాన్న సోంబరు కట్టాడు. నలభయ్యో ఏట అక్షరాలు నేర్చుకుని వాక్యం చదివిన మనిషి. ఆయన పెట్టిన కట్టుబాటు ఒకటుంది: ఎంతటి బోధకుడైనా సరే, కొత్త మాట చెబితే బల్లమీదున్న పాత బైబిలు గ్రంథంలో వేలుపెట్టి, చూపించి చదవాలి.

కొత్త పాస్టరు రవిబాబుగారు ఫోన్లో చూసి బోధిస్తారు. ఒకప్పుడు చర్చికి వెళితే నా తప్పులు నాకు గుర్తొచ్చేవి. తగువు పడ్డవాళ్ళతో మాట కలిపి ఇంటికెళ్ళేదాన్ని. ఈయన వచ్చాక ఎప్పుడూ అద్భుతాలే, దీవెనలే. ఎవరైనా జబ్బుపడితే విశ్వాసం చాలలేదంటారు. నాకు ఒళ్ళు మండేది.

ఎందుకంటే నా కూతురు చిట్టికి టీబీ. ఆరు నెలలు మాత్రలు మింగాలి. రెండు నెలలకే దగ్గు తగ్గి, మళ్ళీ నాతో కాఫీ తోట పనికి వస్తోంది. మధ్యలో మానితే జబ్బు తిరగబెడుతుందని, అప్పుడు ప్రాణానికే ముప్పని నర్సమ్మ మరీ మరీ చెప్పింది.

ఆ ఆదివారం అయ్యగారు కానుకల పళ్ళెం ముందుకు జరిపారు.

"మందు మింగడమంటే దేవుణ్ణి అనుమానించడమే! మాత్రలు తెచ్చి ఇందులో వెయ్యండి. ఈరోజే స్వస్థత!"

చిట్టి లేచింది. పిచ్చి గుంట, ఆయన మాటలు నమ్మి పొద్దున మాత్రలు మింగకుండా సంచిలో పెట్టుకొచ్చింది. మాత్రల అట్టలన్నీ పళ్ళెంలో వేసింది.

"ఆగండయ్యగారూ," అని లేచాను. "ఆ మాట ఎక్కడుంది? సూపించి సదవండి."

"ఫోన్లో ఉందమ్మా."

"ఫోన్లో కాదు. మా పుస్తకంలో సూపించాల. ఇది మా నాయన పెట్టిన కట్టుబాటు."

"అవును, సూపించాల," అంది వెనకనుంచి ముసలి పైడితల్లి.

ఆయన గ్రంథం తెరిచారు. దగ్గరగా పెట్టుకున్నారు, దూరంగా పెట్టుకున్నారు. చీమ తలకాయలంత అక్షరాలు. ఆఖరికి జేబులోంచి కళ్ళద్దాలు తీశారు.

"అదేటి సేత్తన్నారు?" అని అరిచాను. "అవి కూడా పళ్ళెంలో ఎయ్యండి! మా గుంటకి మందక్కర్లేకపోతే మీకు అద్దాలెందుకు?"

పైడితల్లి ఫక్కున నవ్వింది. చర్చి చర్చంతా నవ్వింది.

"కళ్ళద్దాల సంగతి వేరమ్మా," అన్నారాయన, చెమట తుడుచుకుంటూ.

"ఏటి ఏరు? అదీ డాక్టరు రాసిందే, ఇదీ డాక్టరు రాసిందే. సువార్త రాసిన లూకా గారు వైద్యుడే కదా, ఆయన విశ్వాసం తక్కువదేటి?"

చిట్టి నావైపు చూసింది, అయ్యగారి చేతిలో అద్దాలవైపు చూసింది. చరచరా నడిచివెళ్ళి పళ్ళెంలోంచి అట్టలు తీసుకుంది. నీళ్ళసీసా నేనే అందించాను.

అందరిముందూ మాత్రలు గొంతులో వేసుకుంది.

"ఆమెన్!" అన్నాను. రేకులు అదిరేలా ఊరంతా ఆమెన్ అంది.