ఇంకో నీళ్ళల్లో జాడించు

చౌడేశ్వరి టీచరు మైదానం మధ్యలో నిలబడి విజిల్ ఊదుతోంది, నేను చంకలో బిందెతో పరుగెత్తుతున్నాను, బిందెలో నీళ్ళున్నాయో లేవో తెలియడం లేదు గానీ తొణుకుతున్న చప్పుడు మాత్రం వస్తోంది. మైదానం ఆడపిల్లల హైస్కూలుదే, అయితే వాలీబాల్ నెట్టు ఉండాల్సిన చోట మా పెరట్లోని బట్టలుతికే బండ ఉంది, దాని పక్కన మొక్కల కుండీలన్నీ కళ్యాణదుర్గం బస్సు కోసం నిలబడ్డట్టు నీరసంగా వరుస కట్టి ఉన్నాయి. ఎండ ఏ వైపు నుంచి వస్తోందో చెప్పలేను, అన్ని వైపుల నుంచీ వస్తోంది, మా అనంతపురంలో మెలకువగా ఉన్నప్పుడైనా అంతే కాబట్టి దాన్ని బట్టి ఇది కల అని పోల్చుకోవడం కష్టం.

"లేటు," అంటుంది టీచరు.

ఆమె మా పక్కింటి మనిషి, ఊళ్ళో సగం మంది ఆడవాళ్ళకు చిన్నప్పుడు కవాతు నేర్పిన డ్రిల్లు టీచరు. నేత చీర, కాళ్ళకు తెల్ల కేన్వాసు బూట్లు, మెడలో విజిల్. బతికున్నప్పుడు ఎలా ఉండేదో అలాగే ఉంది, కాస్త ఇస్త్రీ చేసినట్టు ఉంది, అంతే.

"మీరు మాఘంలో పోయినారు కదక్కా," అంటాను. ఎదురొచ్చిన మనిషిని పలకరించే పద్ధతి ఇదేనా అని వెంటనే నాకే సిగ్గేస్తుంది.

"పోయినా. అయితే ఏమిప్పుడు? రిటైరయినాక కూడా ఊరికే స్కూలుకు పోయి పిల్లోళ్ళను నిలబెట్టి వస్తాంటి. సచ్చినంత మాత్రాన చెట్లను చూడకుండా ఉంటానా? పో, లైన్లో నిలబడు."

నేను కుండీల పక్కన నిలబడతాను. ఆమె హాజరు పిలవడం మొదలుపెడుతుంది. కరివేపాకు "ఉన్నా టీచర్" అంటుంది, గొంతు మా మామగారి గొంతులా ఉంది, ఎవరూ ఆశ్చర్యపోరు. కలబంద పలకకుండా చెయ్యి ఎత్తుతుంది, దానికి చేతులకేం కొదవ. మందారం దగ్గర నిశ్శబ్దం.

"మందారం పోయింది అక్కా. ఉగాదికే."

"పోనీలే, అది మొదటినుంచీ లీవులు పెట్టేదే. సన్నజాజి?"

ఎవరూ పలకరు. ఎక్కడో కల అంచున ఎండుటాకు ఒకటి రాలిన చప్పుడవుతుంది, ఆ చప్పుడుకు నా గుండెల్లో బిందె బోర్లా పడుతుంది, ఎందుకంటే మిగతావన్నీ నా చెట్లు, పోతే నాకూ వాటికీ సంబంధించిన సంగతి, సన్నజాజి మాత్రం ఈమెది. ఆసుపత్రి మంచం మీద ఈమె ఇంకేమీ అడగలేదు, కూతురి గురించి గానీ ఇంటి గురించి గానీ అనలేదు, నా మణికట్టు పట్టుకొని "జాజిని చూస్తాండు" అంది, నేను చూస్తానన్నాను. కూతురు బళ్ళారికి తిరిగిపోతూ ఇంటి తాళంచెవి నా చేతిలో పెట్టింది. అప్పటినుంచి ఆ తాళం తీసి లోపలికెళ్ళి, గోడ వారనున్న జాజి మొదట్లో నీళ్ళు పోసి వస్తూనే ఉన్నాను. వాన లేదు, మా బోరు బుస కొట్టడం తప్ప నీళ్ళివ్వడం మానేసింది, ట్యాంకరు దాని ఇష్టం వచ్చినప్పుడు వస్తుంది. నేను బి.ఏ.లో ఎకనామిక్స్ చదివాను, మూడేళ్ళపాటు కొరత గురించే చదివానంటే అబద్ధం కాదు, నిజం కొరత గుమ్మంలోకి వచ్చినప్పుడు అందులో ఒక్క ముక్క కూడా పనికిరాలేదు. "నాకు చెంబు, దానికి బిందె," అని మా ఆయన ప్రభాకర్ స్నానాల గది ముందు నిలబడి రోజూ గొణుగుతారు. బిందెడు పోసినా జాజి ఆకులు రాలుస్తూనే ఉంది.

ఇవన్నీ నేను పైకి అనలేదు గానీ టీచరు విన్నట్టే తల ఊపుతుంది. ఇప్పుడు మేము మైదానంలో లేము, మా రెండిళ్ళ మధ్య గోడ దగ్గర ఉన్నాము, గోడ మోకాలెత్తే ఉంది, ఆమె దాని మీద కూర్చొని బూట్ల లేసులు కట్టుకుంటోంది.

"మీకెట్ల బతికిందక్కా? వీధంతా ఎండిపోయిన సంవత్సరం కూడా మీ పెరడు పచ్చగా ఉండె."

"మొగ్గలు గిల్లేస్తాంటి. కరువులో పూలేంది, సోకు కాకపోతే. మొదట్లో చెనిక్కాయ పొట్టు మందంగా పరుస్తాంటి. వచ్చినోళ్ళకు చెంబు నిండా నీళ్ళిచ్చి, వాళ్ళు తాగినాక మిగిలింది కరివేపాకుకు."

"గ్లాసుతో ఇస్తే సరిపోదా?"

"గ్లాసుతో ఇస్తే తాగేస్తారు కదమ్మే!"

నేను నవ్వుతాను. ఈ మనిషి ఎదుట నేనెప్పుడూ నవ్వకుండా ఉండలేకపోయాను, ఆమె మాత్రం ఎప్పుడూ నవ్వేది కాదు, ఒక్క కనుబొమ్మ పైకెత్తేది, ఇప్పుడూ అదే ఎత్తింది. ఊళ్ళో ఎందరో తోటలు వేశారు, వానలున్న ఏడాది ఎవరి తోటైనా తోటే, వాన మొహం చాటేసిన ఏడాది తోటను క్రమశిక్షణలో పెట్టిన మనిషిని ఈమెనొక్కదాన్నే చూశాను.

"అవన్నీ నేనూ చేసినానక్కా. పొట్టు పరిచినా, మొగ్గలు గిల్లినా. రోజూ మొదట్లో నీళ్ళు పోస్తాండా. అయినా పోయేట్టుంది."

"యాడ పోస్తాండావు?"

"మొదట్లో."

"అన్నం కాళ్ళతో తింటావా నువ్వు?" అని ఆమె వంగి, పక్కమీది దుప్పటి కొస ఎత్తినట్టు నేల కొస పట్టుకొని ఎత్తుతుంది. నేల లేస్తుంది. కింద చీకటిగా చల్లగా ఉంది, ఎక్కడో రేడియో వినిపిస్తోంది, జాజి వేరు ఒకటి ఆమె పెరట్లోంచి బయలుదేరి, గోడ కింద తల వంచుకొని దూరి, మా వైపుకొచ్చి, తిన్నగా బట్టలుతికే బండ దగ్గరకు పోయింది. అక్కడ వేలకు వేలు సన్నటి పోగులుగా విడిపోయింది, అవన్నీ మా బండ కింది కాలువ చుట్టూ మూగి, నోళ్ళు తెరుచుకొని ఉన్నాయి. కాలువ ఉండాల్సిన చోట తెల్లటి పైపు ఉంది.

"ఇది మా ఆయన వేయించినారు," అంటాను. "మీరు పోయిన తర్వాతి నెల. ఉతికిన నీళ్ళు నేరుగా వీధి డ్రైనేజీలోకి పోతాయి. దోమలు రావని."

"దోమలు రావు. అంతవరకు నిజమే."

నేను ఆ పోగుల వైపు చూస్తూ ఉంటాను. నెమ్మదిగా ఒక్కొక్కటీ అర్థమవుతుంది, కలలో అర్థం కావడం కూడా బురదలో నడిచినట్టే ఉంటుంది. నేను బండ దగ్గర కూర్చున్నప్పుడల్లా గోడ మీదుగా ఆమె తల కనిపించేది. "ఏమ్మే వసుంధరా, ఇంకో నీళ్ళల్లో జాడించు, సబ్బు వాసన వస్తాంది." ఎండాకాలమైతే, "దుప్పట్లు మాసిపోలేదా మీ ఇంట్లో?" ఈమెకు శుచి పిచ్చి అనుకొని, మాట పడలేక, ఇన్నేళ్ళూ ప్రతి బట్టనూ ఇంకోసారి జాడించాను.

"నాతో చెట్టుకు నీళ్ళు కట్టించినారా!"

"కట్టించినా."

"అడిగుంటే పోసేదాన్ని కదక్కా."

"అడిగితే నాలుగు దినాలు పోస్తారు. బట్టలుతకడం ఎవరూ మానరు కదా."

కోపం రావాలి, రాదు. ఎవరైనా మనతో ఇంత చక్కగా పనిచేయించుకుంటే కోపం రావడానికి చోటుండదు, చప్పట్లు కొట్టాలనిపిస్తుంది, చంకలో బిందె ఉండబట్టి కొట్టలేదు.

"అయితే తీగను మా మేడ మీదికి పాకనిచ్చినారెందుకు? పూలన్నీ మావైపే పూసేవి. మీ జాజి మా ఇంటికి కాపురానికొచ్చిందని నేను ఎగతాళి చేస్తాంటే ఊరికే వింటాంటిరి."

టీచరు లేచి నిలబడుతుంది. గోడ ఇప్పుడు మామూలు ఎత్తుంది, ఆమె దానికి అవతల ఉంది, తల ఒక్కటే కనిపిస్తోంది, ఎప్పటిలాగే.

"దానంతటదే పాకిందనుకున్నావా? పురికొస కట్టి, పందిరి గుంజ మీదుగా నేను మళ్ళించినా. నీళ్ళు మీవి. పూలు నేను పెట్టుకుంటే బాగుంటుందా?"

నా జడలో సంవత్సరాల తరబడి పెట్టుకున్న పూలన్నీ ఒక్కసారి బరువెక్కినట్టు మెడ వంగిపోతుంది. చెప్పాల్సింది ఏదో ఉంది, ఆసుపత్రిలోనూ ఇదే చెప్పాలనుకొని ఊరుకున్నాను, ఏమిటది, "అక్కా," అంటాను, ఆమె విజిల్ నోట్లో పెట్టుకుంటుంది.

"మాటలు తర్వాత. అది ఇంకా చావలేదు. డిస్మిస్!"

విజిల్ పొడవుగా మోగి, మోగి, వీధిలో పాలవాడి హారన్ అయింది.

తెల్లవారుతోంది. ప్రభాకర్ గోడ వైపు తిరిగి నిద్రపోతున్నారు. చెప్పులు కూడా వేసుకోకుండా పెరట్లోకి వెళ్ళి బండ పక్కన మోకాళ్ళ మీద కూర్చున్నాను. పైపు మలుపు తిరిగే చోట, మేస్త్రీ అతుకు సరిగా వేయని దగ్గర, చిన్న చెమ్మ మరక ఉంది. గోడ అడుగున సిమెంటు పగులులోంచి దారప్పోగంత తెల్లటి వేరొకటి బయటికొచ్చి, ఆ అతుకును రెండు చుట్లు చుట్టుకొని ఉంది. గోటితో మెల్లగా ముట్టుకున్నాను. తడిగా ఉంది, గట్టిగా పట్టుకొని ఉంది.

"ఏమండీ," అని కేకేశాను. "ఆక్సా బ్లేడు యాడ పెట్టినారు?"

"ఏంది పొద్దున్నే?" అన్నారు లోపలినుంచి, నిద్ర గొంతుతో. "ఏం కోయాల?"

"మీ పైపు. లేచినాక ఆ దుప్పటి కూడా తీసుకొని రండి, మాసిపోయింది."

"నిన్ననే కదా ఉతికితివి!"

"సబ్బు వాసన వస్తాంది," అన్నాను.