వ్యానమ్మ హెల్మెట్

బడి పిల్లల్ని వ్యానులో ఎక్కించుకుని తీసుకెళ్లడం, మళ్లీ ఇళ్ల దగ్గర దింపడం ఆమె పని. పిల్లలు "వ్యానమ్మా" అని పిలిచేవాళ్లు. ఆ పేరు పిల్లల నోటినుంచి తల్లులకి, తల్లులనుంచి టీచర్లకి పాకి, చివరికి సొంత అత్తగారు కూడా "మా వ్యానమ్మ ఇంకా రాలేదు" అనేదాకా వచ్చింది. ఆమెకి అందులో తప్పేమీ కనిపించలేదు. పైగా కాస్త గర్వం కూడా. ఎంత ఇరుకు సందులోనైనా వ్యానుని ఒక్క చేత్తో వెనక్కి తిప్పగల మనిషి అని ఆ వీధుల్లో పేరు.

ఆమె భర్తకి సొట్టలు పడ్డ కార్లు బాగుచేసి రంగులు వేసే షెడ్డు ఉంది. సెలవురోజు వచ్చిందంటే మాత్రం ఆయన షెడ్డులో ఉండడు. ఊరి బయట వాడకం మానేసిన పాత రన్‌వే మీద కారు రేసులు జరిగేవి. పెద్ద పోటీలేం కావు. బ్యాంకు గుమాస్తాలు, పళ్ల డాక్టర్లు, మెకానిక్కులు, సరదా కొద్దీ పాత కార్లలో, బోల్తాపడినా నలిగిపోకుండా ఇనప పంజరాలు బిగించుకుని తోలుకునే క్లబ్బు. అక్కడ ఆయన్ని అందరూ "మాస్టారు" అంటారు. కొత్తగా చేరినవాళ్లకి నేర్పేది ఆయనే. ఎక్కడ బ్రేకు వేయాలి, ఎక్కడ వేయకూడదు, ఏ బూట్లు తొడుక్కోవాలి, ఏ హెల్మెట్ కొనుక్కోవాలి, అన్నీ.

ఆమె చాలాకాలం క్యారేజీ పట్టుకుని వెళ్లి, కంచె పక్కన కూర్చుని చూసి వచ్చేది. ఒకరోజు ఆయనే సరదాగా, "ఏం, ఒక రౌండు వేస్తావా?" అన్నాడు. వేసింది. ఇంకోటి వేసింది. ఆ తర్వాత కంచె పక్కన కూర్చోవడం ఆమె వల్ల కాలేదు. ఆయన కూడా విసుక్కోకుండా నేర్పించాడు. పక్క సీట్లో కూర్చుని, "ఇప్పుడు కాదు... ఇప్పుడు కాదు... ఇప్పుడు" అంటూ, మలుపు మలుపుకీ చెప్పేవాడు. పెళ్లయిన ఇన్నేళ్లలో వాళ్లిద్దరూ అంతసేపు మాట్లాడుకున్నది లేదు.

వానాకాలం వెళ్లాక ఒక ప్రాక్టీసు రోజున, ఎవరు ఎంత వేగంగా వచ్చారో మైకులో చదివారు. ఆమె పేరు ఆయన పేరుకంటే పైన వచ్చింది.

"మాస్టారూ, మీ గురువుగారు మీ ఇంట్లోనే ఉన్నారండోయ్!" అని పళ్ల డాక్టరు అరిచాడు. అందరూ నవ్వారు. అందరికంటే గట్టిగా ఆయనే నవ్వాడు.

సీజను మొదటి రేసుకి ఆమె పేరు కూడా ఇచ్చారు. అప్పటిదాకా ఆమె వాడింది క్లబ్బులో ఎవరికైనా ఇచ్చే ఉమ్మడి హెల్మెట్. వదులుగా, పాత చెమట వాసనతో ఉండేది. రేసుకి ఎవరి హెల్మెట్ వాళ్లకి ఉండాలి.

"హెల్మెట్ సంగతి నాకొదిలెయ్. నేను దగ్గరుండి కొనిపిస్తాను," అన్నాడు ఆయన.

అన్నట్టే తీసుకెళ్లాడు. షాపు చిన్నదే. మూడు గోడలనిండా అరలు, అరలనిండా హెల్మెట్లు. షాపాయన లావుపాటి మనిషి, మాట నెమ్మది. కొనడానికి వచ్చినవాళ్లని తొందరపెట్టే రకం కాదు.

ఆమె కన్ను మొదట నీలంరంగు దాని మీద పడింది.

"రంగు చూసి కొనడానికి ఇదేమన్నా కర్టెన్ గుడ్డా?" అన్నాడు ఆయన. అని, టేపు తీసి, ఆమె జుట్టు పక్కకి తప్పించి, కనుబొమల పైనుంచి తల వెనక ఎత్తుగా ఉన్నచోటు దాకా చుట్టి కొలిచాడు. నమ్మకం కుదరక మళ్లీ కొలిచాడు. ఒక నల్లదాన్ని ఎంచి, పట్టీలు రెండు వైపులకీ లాగి, తలకి తొడిగాడు.

"బుగ్గలు నొక్కుకుపోతున్నాయండీ."

"నొక్కాలి. కొత్తది నొక్కకపోతే నాలుగు రోజుల్లో వదులవుతుంది. నుదుటి దగ్గర నొప్పిగా ఉందా?"

"లేదు."

"తల అటూ ఇటూ తిప్పు. నీతోపాటు తిరుగుతోందా, నువ్వు తిరిగాక తిరుగుతోందా?"

"నాతోపాటే."

వెనకనుంచి పట్టుకుని పైకి లాగి చూశాడు. ఊడి రాలేదు. గడ్డం కింద పట్టీ బిగించి, సందులో ఒక వేలు పెట్టి చూశాడు. అది కాదని ఇంకోటి తొడిగాడు. అదీ కాదన్నాడు. మూడోది తెల్లది. దాన్ని తొడిగాక, "తియ్యకు. ఇలాగే కాసేపు షాపంతా తిరుగు. ఎక్కడైనా నొప్పి పుడితే ఇప్పుడే తెలుస్తుంది," అన్నాడు.

ఆమె అద్దం ముందుకి వెళ్లి నిలబడింది. గాజు వెనక కళ్లు మాత్రమే కనిపిస్తున్నాయి. ఎవరో వేరే మనిషిలా ఉంది. చెవులు మూసుకుపోయి లోకమంతా నీళ్ల కింద ఉన్నట్టుంది. వెనకాల షాపాయన ఆయనతో ఏదో అన్నాడు, ఆయన చెయ్యి ఊపాడు. ఆమెకేం వినపడలేదు. వినాలని కూడా అనిపించలేదు. తన తల మీద ఒక మనిషి ఇంత శ్రద్ధ పెట్టడం ఆమెకి కొత్త. జ్వరం వచ్చినప్పుడు కూడా ఆయన గుమ్మం దగ్గరే నిలబడి, "మాత్ర వేసుకున్నావా?" అనే రకం. అద్దంలో ఉన్న ఆ కళ్లు కాస్త తడిసిన మాట నిజం.

"ఇదే తీసుకుందామండీ," అంది.

ఇంటికెళ్లాక అత్తగారు దాన్ని ఒళ్లో పెట్టుకుని, లోపలికి తొంగిచూసింది.

"ఇది పెట్టుకుంటే బయట మాటలు వినపడవా?"

"అంతగా వినపడవత్తయ్యా."

"అయితే నాకూ ఒకటి కొనిపెట్టవే. మీ ఆయన మాట్లాడేటప్పుడు పెట్టుకుంటాను."

ముగ్గురూ నవ్వుకున్నారు.

రేసు రోజు పొద్దున్నే రేకుల పందిరి కింద తనిఖీ. కార్లని, మనుషులు తొడుక్కున్నవాటిని చూసి దాటించే పెద్దాయన ఒకడు ఉండేవాడు. ఫైర్ స్టేషన్‌లో పనిచేసి రిటైరైన మనిషి. ఆయన దగ్గర నవ్వులాటలు చెల్లవు. ఆమె రేసు సూటు చూశాడు, చేతి తొడుగులు చూశాడు. హెల్మెట్ చేతిలోకి తీసుకుని, లోపలి గుడ్డ పైకెత్తి, దాని కింద అంటించిన చీటీ చదివి, పక్కన పెట్టేశాడు.

"ఇది బైకుదమ్మా. కారుకి పనికిరాదు."

ఆమె తెల్లమొహం వేసింది. "రెండూ ఒకటి కావా?"

"బయటినుంచి చూస్తే అన్నదమ్ముల్లాగే ఉంటాయి. బైకు మీద పడ్డవాడు రోడ్డు మీద జారుకుంటూ పోతాడు. కారులో ఉన్నవాడు లోపలే ఇరుక్కుంటాడు. మంట లేస్తే పారిపోయే దారి ఉండదు. అందుకని కారు హెల్మెట్లో గుడ్డ తొందరగా అంటుకోనిది వేస్తారు. ఇందులోది మామూలు స్పాంజి." ఆయన దాన్ని తిప్పి, చెవుల పక్క చూపించాడు. "మెడ విరక్కుండా కాపాడే పట్టీ తగిలించడానికి ఇక్కడ బోల్టులు కూడా ఉండాలి. లేవు."

అప్పుడు పెద్దాయన ఆమె వెనక నిలబడ్డ మాస్టారిని చూశాడు.

"మీరున్నారు కదా మాస్టారూ, మీరు చూళ్లేదా? పోయిన సీజన్లో ఆ గుమాస్తా కుర్రాడు అచ్చం ఇలాంటిదే తెస్తే మీరే కదా వెనక్కి పంపింది? ఇక్కడే, ఈ బల్ల దగ్గరే."

మాస్టారు నీళ్లు నమిలాడు. "హడావిడిలో... చూసుకోలేదు," అన్నాడు.

పెద్దాయన ఇంకేదో అనబోయి, ఆమె మొహం చూసి, ఆగిపోయాడు. కళ్లజోడు తీసి తుడుచుకుంటూ తర్వాతివాళ్లని పిలిచాడు.

హడావిడి. షాపులో ఎంతసేపున్నారో ఆమెకి గుర్తుంది. రెండుసార్లు టేపు చుట్టిన మనిషి, మూడు హెల్మెట్లు మార్పించిన మనిషి, హడావిడిలో చూసుకోలేదట.

ఆరోజు ఆమె మళ్లీ కంచె పక్కన కూర్చుంది, తొడుక్కున్న సూటు విప్పకుండా. ఆయన తన రేసు తాను తోలి మూడోవాడిగా వచ్చి, చెమటలు తుడుచుకుంటూ, "పోనీలే, వచ్చే రేసు ఉందిగా," అన్నాడు. ఆ గొంతులో హుషారు దాచినా దాగలేదు.

సోమవారం పిల్లల్ని బడి దగ్గర దింపేసి, ఖాళీ వ్యాను తోలుకుంటూ నేరుగా షాపుకి వెళ్లింది. తెల్ల హెల్మెట్ కౌంటరు మీద పెట్టి, "మార్చి ఇస్తారా? మాకు కావలసింది కారుకి," అంది.

షాపాయన ఆమెనీ హెల్మెట్‌నీ మార్చి మార్చి చూశాడు.

"నేను ఆరోజే అడిగానమ్మా. మీరు అద్దం దగ్గరున్నారు. 'సార్, కారు రేసుకైతే ఆ వెనక అరలోవి చూడండి' అన్నాను. 'అక్కర్లేదు, బైకుకే' అన్నారు. నాకు అనుమానం వచ్చి మళ్లీ అడిగాను. 'చెప్పింది ఇవ్వండి' అని కాస్త విసుక్కున్నారు. మరి ఆయనకి తెలుసనుకున్నా."

"ఆయనకి తెలుసు," అంది ఆమె.

వెనక అరలోవి దింపించుకుంది. తనే కొలుచుకుంది, తనే తొడుక్కుంది, తనే తల తిప్పి చూసుకుంది. ఎలా చూడాలో అంతా ఆయన నేర్పిందే. అది గుర్తొచ్చి ఒళ్లు మండింది.

అక్కణ్ణించి షెడ్డుకి వెళ్లింది. ఆయన ఒక కారు తలుపుకి ఉప్పుకాగితం రుద్దుతున్నాడు. మీసాల మీద తెల్లటి పొడి.

"షాపుకెళ్లొచ్చాను," అంది.

రుద్దే చెయ్యి ఆగింది. ఆయన తల ఎత్తలేదు.

"ఎందుకు చేశారు?"

"భయమేసింది," అన్నాడు. "నీకేమన్నా అయితే? ఇంట్లో అమ్మ, ఈ షెడ్డు... నీకేమన్నా అయితే నేనేం కావాలి?"

"భయమైతే వద్దనాలి. 'వద్దు, నాకు భయంగా ఉంది' అంటే నేను ఒక్కసారైనా ఆలోచించేదాన్ని కాదా?"

"నువ్వు వింటావా?"

"సరే, వినను. అందుకని మంట అంటుకునే హెల్మెట్ తలకి తొడుగుతారా? ఆ పెద్దాయన ఆరోజు చూసుకోకపోతే? కళ్లజోడు ఇంట్లో మర్చిపోయి వస్తే? నేను దాన్నే పెట్టుకుని తోలేదాన్ని కదా!"

"ఆయన చూసుకోకపోవడమనేది ఉండదు. ఆయన సంగతి నాకు తెలుసు."

"అంటే నా తల తీసుకెళ్లి ఇంకొకరి కంటిచూపు మీద పెట్టావు."

పెళ్లయ్యాక ఆమె ఆయన్ని 'నువ్వు' అనడం అదే మొదటిసారి. అన్నాక ఇద్దరికీ వినపడింది. ఆయన ఉప్పుకాగితం కింద పడేశాడు.

"అందరూ నవ్వారే," అన్నాడు. "ఇన్నేళ్లుగా అక్కడ నాకున్నది ఆ ఒక్క మాటే, మాస్టారు అని. ఈ షెడ్డులో నన్ను ఎవడంటాడు మాస్టారని? నేను నేర్పిస్తే నువ్వు నాలుగు నెలల్లో నా ముందుకొచ్చావు. వాళ్లు నవ్వారు, నువ్వూ నవ్వావు."

"మీరు కూడా నవ్వారుగా!"

"నవ్వక ఏడవమంటావా, అందరి ముందూ?"

ఆయన చెప్పిన రెండు కారణాల్లో రెండోదే నిజమని ఆమెకి తెలిసిపోయింది. మొదటిదే నిజమైతే ఎంత బాగుండేదో అనుకుంది. ఆ కోరికకి తన మీద తనకే అసహ్యం వేసింది. పిల్లల్ని తీసుకొచ్చే వేళైంది. వెళ్లిపోయింది.

ఇంట్లో మాటలు తగ్గాయి. అత్తగారికి సంగతి తెలిసి, కొడుకుని కేకలేసింది. ఆ కేకలవల్ల ఆయన ఇంకా బిగుసుకుపోయాడు. ఒకరోజు కోడలి గదిలోకి వచ్చి, "పోనీ మానెయ్యవే. నీకేం, చేతిలో వ్యానుంది. వాడికి అదొక్కటే," అంది. తన పక్షాన ఉందనుకున్న మనిషి కూడా చివరికి తేలింది అక్కడే. ఆమె ఉతికిన బట్టలు మడతపెడుతూ కూర్చుంది.

మానలేదు. తర్వాతి రేసుకి కొత్త హెల్మెట్ పెద్దాయన చేతిలో పెట్టింది. ఆయన లోపలి చీటీ చదివి, బోల్టులు తడిమి, చెల్లుతుందని పచ్చ స్టిక్కరు అంటించాడు. తోలింది. తొమ్మిది కార్లలో నాలుగోదిగా వచ్చింది. మాస్టారు ఐదు. ఆయన కారు దిగి, అందరూ చూస్తుండగా వచ్చి, ఆమె భుజం తట్టి, "ఎవరు నేర్పారనుకున్నారు!" అన్నాడు క్లబ్బువాళ్లతో. పళ్లు బయటపెట్టి నవ్వాడు. పళ్ల డాక్టరు ఫొటో తీశాడు. ఆమె కదలకుండా నిలబడింది. భుజం మీద ఆ చెయ్యి తీసెయ్యాలంటే అంతమందికీ కారణం చెప్పాలి.

ఇంటికి వెళ్లే దారిలో ఆయన కారు నడుపుతూ, చాలారోజుల తర్వాత తనంతట తాను మాట్లాడాడు.

"చివరి మలుపు దగ్గర నువ్వు తొందరపడి తిప్పుతున్నావు. ఇంకాస్త ఆగి తిప్పితే, బయటికొచ్చేటప్పుడు కారు నిటారుగా ఉంటుంది. మూడో స్థానం నీదే అయ్యేది."

మంచి సలహాలాగే ఉంది. మునుపటి రోజులైతే ఆ రాత్రంతా కళ్లు మూసుకుని ఆ మలుపునే తిప్పుకుంటూ పడుకునేది. ఇప్పుడు ఆయన వైపు చూసింది. ఆయన రోడ్డు వైపు చూస్తున్నాడు. మొహంలో ఏమీ లేదు. షాపులో టేపు చుట్టినప్పుడు కూడా ఆ మొహంలో ఏమీ లేదు.

మర్నాడు బడి గేటు దగ్గర వ్యాను ఆపుకుని, గంట కొట్టేలోగా తనిఖీ చేసే ఆ పెద్దాయనకి ఫోను చేసింది.

"ఒక్క మాట చెప్పండి. చివరి మలుపులో నేను తొందరగా తిప్పుతున్నానా?"

"అవునమ్మా. నేనూ చూశాను. ఇంకొంచెం ఆగాలి. మాస్టారు చెప్పలేదా?"

"చెప్పారు."

"మరి?"

"ఏం లేదండి, ఊరికే అడిగాను," అని ఫోను పెట్టేసింది.

ఆయన చెప్పింది నిజమే. అందులో రవ్వంత మోసం కూడా లేదు. ఇకమీదట ఆయన చెప్పే ప్రతిమాటనీ ఇలాగే బయటివాళ్లని అడిగి తేల్చుకోవాలి. బతికినంతకాలం. గేటు తెరుచుకుంది. పిల్లలు అరుచుకుంటూ వచ్చి వ్యాను మీద పడ్డారు.