వేగం ఎంతుంటే చాలు

ఆమదాలవలసలో రూబీ వీడియోలు ఎడిటింగ్ చేస్తుంది. మొగుడు శాంతికుమార్ కెమెరా పట్టుకుని ఊళ్లు తిరుగుతాడు. అతను తీసుకొచ్చిందంతా కత్తిరించి, అతికించి, పాటలు పెట్టి ఇచ్చేది ఆమే. ఈ మధ్య ఆమె లాప్‌టాప్ మొరాయిస్తోంది. తెర మీద పెళ్లికొడుకు తాళి పట్టుకుని అక్కడే బిగుసుకుపోతాడు. రూబీ వెళ్లి బియ్యం కడిగి పొయ్యి మీద పెట్టి వచ్చినా ఆ చెయ్యి గాల్లోనే ఉంటుంది.

ఇక లాభం లేదని ఇద్దరూ శ్రీకాకుళంలో నరేష్ దుకాణానికి వెళ్లారు. ర్యామ్ చాలట్లేదని, రెట్టింపుది వెయ్యాలని చెప్పి అతను బల్ల మీద రెండు రకాలు పెట్టాడు. రెండింటి సామర్థ్యం ఒకటే. రెండోదానికి వేగం ఎక్కువ, ధరా ఎక్కువే.

శాంతికుమార్ ఖరీదైనదాని మీద వేలు పెట్టేశాడు. "ఎలాగూ కొంతన్నాం. మంచిదే ఏయించీ. మళ్లీ మళ్లీ కొంతామేటి?"

"మామూలుది సెడ్డదని ఎవరన్నారు బావా? ఇది కొంచెం బేగి సేస్తాదన్నాడు, అంతే. నా పని ఎంత బేగి అవుతాదో సూడాల కదా."

నరేష్ నవ్వాడు. "మీ పనే పెట్టి సూడండక్కా. రెండూ ఏసి సూపిస్తాను."

రూబీ దగ్గర ఉన్నది కళింగపట్నం వీడియో. వాళ్ల సంఘంలోని కాంతమ్మ పెద్ద వయసులో అక్కడి సముద్రంలో బాప్తిస్మం తీసుకుంది. ముందు మామూలు ర్యామ్ వేశారు. బొమ్మ ఎక్కడా ఆగలేదు. వీడియో తయారయ్యేసరికి నరేష్ తెప్పించిన టీలు ఇద్దరివీ అయిపోయాయి. వేగంది వేసినప్పుడు రెండో టీ అడుగున ఒక గుక్క మిగిలింది.

"ఈ గుక్క కోసమేటి బావా అంత డబ్బు?" అంది రూబీ. శాంతికుమార్ గ్లాసులోకి చూసి ఆ గుక్క తాగేశాడు.

తయారైన వీడియో పెట్టి చూశారు. ఇన్నాళ్లూ ముక్కలు ముక్కలుగా ఆగుతూ వచ్చినదాన్ని రూబీ ఏకబిగిన వినడం అదే మొదటిసారి. నీళ్లలోంచి లేచిన కాంతమ్మ పెదాలు కదులుతున్నాయి. హోరుమనే గాలి తప్ప ఏమీ లేదు.

"ఆవిడ ఏటన్నాదో ఒక్క ముక్క ఇనబడట్లేదు!"

"సముద్రం ఒడ్డు మరి," అన్నాడు శాంతికుమార్ నెమ్మదిగా. తప్పు తన కెమెరా మీదికి వచ్చిందని అతనికి అర్థమైంది.

రూబీ మామూలు ర్యామే వేయించుకుని, మిగిలిన డబ్బుకి ఇంకొంచెం కలిపి చొక్కాకి తగిలించే వైరు లేని మైకు కొంది. గాలి అడ్డుకోవడానికి దానికి బొచ్చు తొడుగు కూడా ఉంది. శాంతికుమార్ మొహం కాసేపు ముడుచుకున్నాడు కానీ, మైకు తగిలించుకుని రోడ్డు మీదికి వెళ్లి ఆటోల మధ్య నిలబడి మాట్లాడాడు. ఇయర్‌ఫోన్లు పెట్టుకుని లోపల కూర్చున్న రూబీకి ప్రతి అక్షరం వినబడింది.

ఆదివారం ప్రార్థన అయ్యాక కాంతమ్మకు మైకు తగిలించి, ఆ రోజు అన్నది మళ్లీ చెప్పమన్నారు. ఆవిడ ఒక్క మాటతో ఆగలేదు. భర్త పోయాక ఎంత భయపడిందో, ఆ రోజు నీళ్లలో భయం ఎలా వదిలిందో చెప్పింది. రూబీ ఆ గొంతును అలల బొమ్మ మీద పరిచి, ఆవిడ ఇంటికి తీసుకెళ్లి చూపించింది.

కాంతమ్మ కళ్లద్దాలు తీసి తుడుచుకుంది. "నా గొంతు ఇలాగుంటాదేటే రూబీ?" అని, పక్కింటి గౌరిని కేకేసింది. "ఒసే గౌరీ, ఇలా రాయే! నేను మాటాడతన్నాను, ఇందువుగాని."