ఆకు మందు

వైశాఖంలో, ఎమ్మిగనూరు ఎండలో, కంబళి కప్పుకొని అరుగు మీద కూర్చున్న మనిషిని చూస్తే ఎవరైనా ఏమనుకుంటారు? పిచ్చి అనుకుంటారు, లేదా పని ఎగ్గొట్టడానికి వేషం అనుకుంటారు. నేతగాడు సోమప్ప భార్య బసమ్మ విషయంలో వీధి మొదటిది అనుకుంది. అత్త సంగమ్మ రెండోది అనుకుంది, అనుకున్నది రోజూ అన్నది కూడా. మనసులో ఒకటి, నోట్లో ఒకటి పెట్టుకునే అలవాటు సంగమ్మకు లేదు. ఆమెకు రెండూ ఒకటే, రెండూ చేదే.

బసమ్మ మొదటినుంచీ ఇట్లా ఉన్న మనిషి కాదు. రెండు మగ్గాలకు సరిపడా నూలు కండెలు చుడుతూనే వీధి వీధికంతా సమాధానాలు చెప్పేది. అట్లాంటిది రెండేళ్ళుగా ఒడిలో నూలు పెట్టుకొని కునికిపాట్లు పడుతోంది. ముఖం ఉబ్బింది. కనుబొమల చివర్లు రాలిపోయాయి. గొంతు మగగొంతులా బండబారింది. ఏదైనా అడిగితే జవాబు వచ్చేలోగా అడిగినవాళ్ళు వేరే పని చూసుకొని రావచ్చు.

"తిని తొంగునేదానికి రోగమని పేరు," అనేది సంగమ్మ. ఒక పొద్దు ఆ కునుకు చూసి ఒళ్ళు మండి, చెంబుడు చన్నీళ్ళు తెచ్చి కోడలి నెత్తిన కుమ్మరించింది. బసమ్మ వణికింది కానీ నోరెత్తి తిట్టలేదు. సోమప్పకు భయం పుట్టింది అప్పుడే. తిట్టు తిని ఊరుకున్న బసమ్మను అతను పెళ్ళయినప్పటినుంచీ చూడలేదు. మర్నాడే బస్సెక్కించి ఆదోని తీసుకుపోయాడు.

ఆదోనిలో డాక్టరు మరియమ్మ మదరాసులో చదువుకొని వచ్చి చిన్న ఆస్పత్రి పెట్టుకుంది. ఆమె బసమ్మ గొంతు ఒత్తి చూసింది. మోకాలి మీద చిన్న సుత్తితో తట్టింది. ఎగిరిన కాలు మెల్లగా, తీరిగ్గా కిందికి దిగింది. అది చూసి డాక్టరమ్మ ముఖం వెలిగిపోయింది. ఒకరి రోగం ఇంకొకరికి పండగ కావడం డాక్టర్ల దగ్గర కొత్తేమీ కాదు.

బసమ్మను లోపలే పడుకోబెట్టి, సోమప్పను వరండాలోకి పిలిచి ఉత్సాహంగా చెప్పింది.

"గొంతులో ఒక గ్రంథి ఉంటుందప్పా. ఒంటికి వేడి, చురుకు అన్నీ దాన్నుంచే. అది ఎండిపోతుందని మేము చదువుకున్నాం గానీ, ఎందుకు ఎండుతుందో ఏ పుస్తకమూ చెప్పలేదు. రెండేళ్ళ కిందట లండనులో కనుక్కున్నారు, ఇట్లాంటి రోగుల నెత్తుటిలోనే ఆ గ్రంథికి విరుగుడు తయారవుతోందని. అమెరికాలో కుందేళ్ళకు సూది మందిచ్చి అట్లాగే సొంత గ్రంథిని చెడగొట్టుకునేటట్టు చేసి చూశారు. ఒళ్ళు తన మీద తాను చెయ్యి చేసుకోదనుకున్నాం ఇన్నాళ్ళూ. చేసుకుంటుంది. కంచే చేను మేస్తోంది."

"యాల మేస్తాది తల్లీ?"

"అది ఇంకా ఎవరికీ తెలీదు."

సోమప్పకు ఆమె మీద నమ్మకం కుదిరింది. పిచ్చేమోనని అప్పటిదాకా తిప్పిన మంత్రగాళ్ళలో తెలీదన్నవాడు ఒక్కడూ లేడు.

"ఆ కంచెను ఆపే మందు లేదు," అంది డాక్టరమ్మ. "మేసిన పంటను బయటినుంచి తెచ్చి పొయ్యాల్సిందే. రోజూ బిళ్ళ వేసుకోవాలి."

"బయటంటే యాడనుంచి?"

"గొర్రె గొంతులోంచి. ఆ గ్రంథినే ఎండబెట్టి పొడి చేసి బిళ్ళ కడతారు."

సోమప్ప చెయ్యి దానంతట అదే రొమ్ము మీది లింగకాయ మీదికి పోయింది. వాళ్ళు లింగం కట్టినవాళ్ళు. దారిలో కోడిగుడ్డు పెంకు తొక్కితే కాళ్ళు కడుక్కొని గడప దాటే ఇల్లు. బసమ్మ అయితే లింగపూజ కాకుండా నీళ్ళు కూడా ముట్టదు.

"తినకుంటే?"

"ఏదో ఒక చలికాలం పడుకుంటుంది, లేవదు."

సోమప్ప లింగకాయ మీది చెయ్యి తీసి చాపాడు. సీసా తీసుకున్నాడు. బస్సులో బసమ్మకు, ఇంటికొచ్చాక అమ్మకు ఒకే మాట చెప్పాడు. "ఆకు మందు. కొండల్లో దొరుకుతాదంట." అబద్ధం నోటినుంచి సులభంగా వచ్చినందుకు అతనికే ఆశ్చర్యం వేసింది. పాపమంటూ ఉంటే అది తనదేనని ఒప్పుకున్నాడు, మనసులో.

శ్రావణానికి బసమ్మ కంబళి మడిచి అటక మీద పెట్టింది. ఇంకొన్నాళ్ళకు, కండె వదులుగా చుట్టావన్న అత్తను ఎడాపెడా కడిగేసింది. ఆ రోజు సోమప్ప గుడికి పోయి టెంకాయ కొట్టాడు. తిట్లు తిన్న సంగమ్మ కూడా ఎందుకో సంతోషంగానే ఉంది. ఆ ఆకు మహిమ వీధంతా చాటి, చివరికి కొడుకును అడిగింది.

"నాకూ ఒక బిళ్ళియ్యిరా. మోకాళ్ళు పీకుతాండాయి."

"అది మోకాళ్ళకు కాదుమా," అని సోమప్ప సీసా లాక్కున్నాడు. తనకు మందు కూడా దండగ అనుకుంటున్నాడని సంగమ్మ రెండు రోజులు మూతి ముడుచుకుంది.

కార్తీకంలో మళ్ళీ ఆదోని పోయారు. సోమప్ప బయట బీడీ కాలుస్తుంటే బసమ్మ ఒక్కతే లోపలికి పోయింది. డాక్టరమ్మ మోకాలు తట్టింది. కాలు చటుక్కున ఎగిరి చటుక్కున దిగింది.

"ఇంక బతికినన్నాళ్ళూ ఈ బిళ్ళ మానొద్దు."

"అట్లయితే ఆ ఆకు పేరు సెప్పు డాక్టరమ్మా, పెరట్లో ఏసుకుంటా."

డాక్టరమ్మ ఫక్కున నవ్వింది. "ఆకేమిటమ్మా, గొర్రె గొంతు కదా! సోమప్ప చెప్పలేదా?"

నవ్వు పూర్తికాకముందే ఆమెకు బసమ్మ ముఖం కనిపించింది. లండనులో ఏం కనుక్కున్నారో అంతా వివరంగా చెప్పిన మనిషి, అసలు బిళ్ళ మింగేవాళ్ళకు చెప్పారా లేదా అని ఒక్క మాట అడిగి ఉండలేదు. పెదవి దాటితే పృథివి దాటిందన్నారు. ఇక ఎవరేం చేస్తారు?

బస్సు దిగగానే బసమ్మ మొగుడికి ముందు నడిచింది. ఇంటికొచ్చి నెత్తిమీద నీళ్ళు పోసుకుంది. మళ్ళీ పోసుకుంది. తడిబట్టతోనే వచ్చి, అత్త వింటూండగానే మొగుడి ముందు నిలబడింది.

"మెడలో లింగముంటే, ఆ మెడలోకే గొర్రెను దింపితివి గదా. నన్నొక మాట అడిగితివా?"

"అడిగింటే నువ్వు తినేదానివా?"

"తినకపోదును. సచ్చిపోదును. సావు నాది గదా, నీదా?"

ఆ రోజు నుంచి బసమ్మ బిళ్ళ ముట్టలేదు. సీసా గూట్లోకి చేరింది. ఇరుగుపొరుగుకు తెలియకుండా అతను తమ గురువు జంగమయ్యను పిలుచుకొచ్చాడు. అయ్య కూర్చొని, మందుకు మడి లేదు తల్లీ అని మెత్తగా చెప్పాడు.

"మీరయితే తింటారా అయ్యా?" అంది బసమ్మ.

జంగమయ్య ఇంటి దూలాలు పరిశీలించడం మొదలుపెట్టాడు.

పుష్యం వచ్చేసరికి కంబళి అటక దిగింది. గొంతు మళ్ళీ బండబారింది, ఒడిలో నూలు అట్లాగే ఉండిపోతోంది. ఈసారి సంగమ్మ ఒక్క మాటా అనలేదు. ఇది రోగమని ఇప్పుడు ఆమెకు తెలుసు. చన్నీళ్ళ చెంబు కోడలి కంట పడకుండా పక్కకు పెట్టేది. రెండేళ్ళు ఒక రోగిష్టిదాన్ని పట్టుకొని సోమరిదన్నాను కదా అని లోలోపల కుమిలింది.

ఒక పొద్దు సంగమ్మ స్నానం చేసి, లింగపూజ ముగించుకొని, గూట్లోని సీసా తీసుకొని వచ్చి కోడలి ఎదురుగా కూర్చుంది. మూత తీసి, ఒక బిళ్ళ నాలుక మీద వేసుకొని, నీళ్ళు తాగి మింగింది. నోరు తెరిచి చూపించింది కూడా.

"మా!" అని సోమప్ప మగ్గం గుంతలోంచి లేచాడు. నేత ఆగిపోయింది.

"నువ్వు నోరు ముయ్యిరా. అబద్ధాలోడా." సంగమ్మ కోడలి వైపు తిరిగింది. "సూడు బసమ్మా. నేనూ సెడిపోయినా. ఇంగ ఈ ఇంట్లో మడి నీకూ లేదు, నాకూ లేదు. ఆ పొద్దు నీ మింద సన్నీళ్ళు పోసినా. రోగమని నాకు తెలీదు తల్లీ. నువ్వూ పోతే, ఈ సెడిపోయిన ముసల్దాన్ని పక్కన కూసోబెట్టుకొని కూడు తినేదెవురు?"

ఇంకో బిళ్ళ తీసి అరచేతిలో పెట్టుకొని చెయ్యి ముందుకు చాచింది.

జవాబు రావడానికి, ఎప్పటిలాగే, చాలాసేపు పట్టింది. ఈసారి అడిగినవాళ్ళు ఎక్కడికీ లేచిపోలేదు. బసమ్మ ఉబ్బిన కళ్ళు అత్త చేతినీ, సీసానూ, అత్త ముఖాన్నీ ఒక్కొక్కటిగా చూసుకుంటూ వచ్చాయి. చివరికి ఆ మొద్దు గొంతు కదిలింది.

"అది... మోకాళ్ళకు... పని సేయదు అత్తా," అంది బసమ్మ, కంబళిలోంచి చెయ్యి బయటికి తీసి చాపుతూ.